పల్లం వైపు కొలత

పక్కింటి పెరట్లో ఎవరో మగమనిషి నవ్వుతున్నాడు. మధ్యలో ఆగి ఊపిరి తీసుకుని మళ్ళీ నవ్వుతున్నాడు. మిషన్ మీద యూనిఫాం కాలరు తిప్పుతున్న ఆమె కాలు ఆపి వింది. అది మరిది ఇల్లే గాని, నవ్వేది మరిది కాదు. అతను బస్సు డ్రైవరు, పొద్దున్నే స్టీరింగు పట్టుకుంటే చీకటి పడ్డాకే వదులుతాడు. తోడికోడలి అన్నగాని వచ్చాడేమో అనుకుంటూ లేచి, వంటింటి కిటికీలోంచి తొంగి చూసింది. నవ్వుతున్నది తన మొగుడు.

ఆమెకు ఒళ్ళు మండిపోయింది. మొగుడు నవ్వినందుకు కాదు, ఆ నవ్వు ఎవరిదో పోల్చుకోలేకపోయినందుకు. ఆయన దగ్గు, తుమ్ము, చెప్పులు విడిచే చప్పుడు చీకట్లో కూడా గుర్తుపడుతుంది తను. ఈ నవ్వు మాత్రం కొత్తగా ఉంది. లేదా పాతదే, ఇంటికి తీసుకురావడం మానేశాడు.

ఊళ్ళో అందరూ ఆయన్ని టేపు మేస్త్రి అంటారు. నడుముకి టేపు లేకుండా ఆయన్ని చూసినవాళ్ళు లేరు. ఏ చెక్కనైనా రెండుసార్లు కొలిచి, పెన్సిలు చెవి మీద పెట్టుకుని, మూడోసారి కంటితో కొలిచాక గాని రంపం పెట్టడు. ఇప్పుడు తమ్ముడి పెరట్లో బల్ల వేసుకుని చెక్కలకి చిత్రిక పడుతున్నాడు. కాళ్ళ చుట్టూ పొట్టు చుట్టలు చుట్టలుగా పడుతోంది. తోడికోడలు టీ గ్లాసు పట్టుకుని పక్కనే నిలబడి ఏదో చెబుతోంది, చేతులు తిప్పుతూ. ఆ గ్లాసు కూడా పెద్ద గ్లాసు.

తోడికోడలు ఇంట్లోనే పిల్లల్ని చూసుకునే పని మొదలుపెడుతోంది. ఉద్యోగాలకి వెళ్ళే తల్లులు పొద్దున దింపి సాయంత్రం తీసుకెళతారు. దానికి పట్టణ కార్యాలయం వాళ్ళ అనుమతి కావాలి. పెరడు చుట్టూ కంచె లేనిదే వాళ్ళు అనుమతి ఇవ్వరు. మిగతా మూడు వైపులా ఎప్పట్నుంచో గోడలున్నాయి. లేనిదల్లా అన్నదమ్ముల ఇళ్ళ మధ్యే. ఆ ఒక్క వైపూ కట్టిపెట్టమని మరిది ఒక మాట అన్నాడో లేదో, మేస్త్రి దుకాణంలో పనులన్నీ వెనక్కి నెట్టి వచ్చి కూర్చున్నాడు. ఇక్కడేమో ఆమె కత్తిరించుకునే బల్లకి ఒక కాలు పొట్టి. ఎన్నాళ్ళుగానో చెబుతూనే ఉంది. దాని కింద గుడ్డ మడతపెట్టి నెట్టుకొస్తోంది.

అసలు మరిదికి ఈ సంబంధం తెచ్చింది తనే. పిల్ల నెమ్మదస్తురాలు, నోట్లో నాలుక లేనిది అని మెచ్చుకుని మరీ తెచ్చింది. ఆ లేని నాలుకే ఇప్పుడు పొద్దస్తమానం ఆడుతోంది.

రాత్రి అన్నం దగ్గర అడిగింది. అడగకూడదనుకుంటూనే అడిగింది.

"పొద్దున దేనికంత నవ్వొచ్చింది?"

"ఎప్పుడు?"

"ఆ చెక్కల దగ్గర."

"ఏదో మాటల్లో."

"ఏ మాటల్లో?"

ఆయన ముద్ద కలిపాడు. "గుర్తులేదు."

"అంత నవ్వు నవ్వి గుర్తులేదా? ఆమె ఏమంది?"

"ఏమంటుంది. వాళ్ళాయన బస్సులో ఎవరో ముసలాయన సంగతి."

"ఏమిటా సంగతి? నాకు చెబితే అరిగిపోతుందా?"

"అప్పుడు నవ్వొచ్చింది. ఇప్పుడు చెబితే రాదు" అని ఆయన మంచినీళ్ళు తాగి లేచాడు. ఆమె ఎదురుగా ఖాళీ అయిన కంచాన్ని చూస్తూ కూర్చుంది. తన దగ్గరికి వచ్చేసరికి మనిషికి మాటలన్నీ కరువు. అక్కడ మాత్రం ఉన్నవన్నీ గుమ్మరించి వస్తాడు.

మర్నాడు గుంజలు పాతారు, ఆ మర్నాడు చెక్కలు కొట్టడం మొదలైంది. ఆమె కిటికీ దగ్గరే కూర్చుని బొత్తాలు కుట్టింది. మిషన్ పని ఉన్నా పక్కన పెట్టి చేత్తో చేసే పని తెచ్చుకుంది. మేస్త్రి ఒక్కో చెక్కనీ గరుకు కాగితంతో రుద్ది, అరచేత్తో తడిమి, మళ్ళీ రుద్దుతున్నాడు. పై అంచులు గుండ్రంగా చెక్కుతున్నాడు. కంచెకి అంత సింగారం ఎందుకో. నున్నగా రుద్దిన వైపు ఇటు, తన కిటికీ వైపు తిప్పి మేకులు కొడుతున్నాడు. అది చూశాక ఆమెకి ఇంక మనసు నిలవలేదు. ఇంత అందంగా చేశాను చూడు, నీకు కాదు, ఆమెకి అని తన కళ్ళల్లో కారం కొట్టడానికి కాకపోతే మంచి వైపు ఇటెందుకు తిప్పుతాడు?

చెక్క మీద చెక్క చేరేకొద్దీ పక్కింటి పెరడు ముక్కలు ముక్కలుగా మాయమైంది. ముందు బల్ల పోయింది. తర్వాత తోడికోడలు పోయింది, తర్వాత మొగుడి భుజం. సాయంత్రానికి ఆ కొస నుంచి ఈ కొస దాకా చెక్కలు తప్ప ఏమీ మిగలలేదు. మాటలు వినిపిస్తాయి గాని ఏ మాటో తెలియదు. గ్లాసు బల్ల మీద పెట్టిన చప్పుడు వినిపిస్తుంది గాని ఏ గ్లాసో తెలియదు. కనబడుతున్నప్పుడే నయం. కనబడకపోయేసరికి ఆమె లోపల కూర్చున్న కుళ్ళు తనకి కావలసినవన్నీ తనే కల్పించుకోసాగింది.

స్టూలు తెచ్చుకుని కిటికీ దగ్గర వేసుకుని ఎక్కింది. గుండ్రటి అంచుల మీదుగా పక్కింటి పెరడు కనిపించింది. మేస్త్రి గోడకి ఆనుకుని కూర్చుని టీ తాగుతున్నాడు. తోడికోడలు అక్కడ లేనే లేదు. లోపలెక్కడో గిన్నెలు కడుగుతున్న చప్పుడు. ఒక్కడే కాళ్ళు చాపుకుని, తనలో తను ఏదో అనుకుని ముసిముసిగా నవ్వుకుంటున్నాడు. ఎందుకో తల ఎత్తాడు. కిటికీలో ఆమె ముఖం చూశాడు. అంతే, నవ్వు ఆగిపోయింది. గ్లాసు కింద పెట్టి, సుత్తి తీసుకుని లేచాడు.

ఆమె స్టూలు దిగి పెరట్లోకి వెళ్ళి కంచె ముందు నిలబడింది. ఈ చెక్కలు ఇంత ఎత్తెందుకున్నాయి? కత్తిరించే బల్ల మీంచి తన గుడ్డ టేపు తెచ్చి, నేల మీంచి పైకి సాగదీసి కొలిచింది. ఆరడుగుల మీద జానెడు ఉంది. మళ్ళీ కొలిచింది. జానెడే.

ఆ జానెడు ఎక్కడిదో ఆమెకి వెంటనే తెలిసిపోయింది. వాన పడితే నీళ్ళు నిలిచేది తన పెరట్లోనే. అటువైపు మరిది ఎప్పుడో మట్టి పోయించి మెరక చేసుకున్నాడు. మేస్త్రి మెరక వైపు నుంచి కొలిచి ఉంటాడు. ఇటు పల్లం ఉన్న సంగతే మరిచిపోయాడు. టేపు మేస్త్రి కొలత తప్పాడు. ఊళ్ళో ఎవరి చెక్క దగ్గరా తప్పనివాడు ఆ పెరట్లో తప్పాడు. ఎంత పరాకుగా ఉంటే తప్పుతాడు, ఎంత మైమరిచి ఉంటే తప్పుతాడు అనుకుంటూ ఆమె టేపుని వేలికి బిగించి చుట్టుకుంది.

పట్టణ కార్యాలయంలో బంట్రోతుల యూనిఫాంలు కుట్టేది ఆమే. మర్నాడు పొద్దున మూట పట్టుకుని వెళ్ళింది. రోజూ దాటిపోయే నోటీసు బోర్డు ముందు ఈసారి ఆగింది. ఇంటి ముందు కంచె నడుమెత్తు దాటకూడదు. పక్కలా వెనకా ఆరడుగులు. మూల ఇళ్ళవాళ్ళు దారి కనబడేట్టు వదలాలి. ఇంకా చాలా ఉన్నాయి గాని తనకి కావలసింది దొరికాక కింది వరుసలు చదవలేదు.

"నేల ఎగుడుదిగుడుగా ఉంటే ఎటునుంచి కొలుస్తారు బాబూ?" అని గుమాస్తాని అడిగింది, ఊరికే అడిగినట్టు.

"పల్లం వైపు నుంచేనమ్మా. ఎత్తు భరించాల్సింది వాళ్ళే కదా" అన్నాడతను మూట విప్పి చొక్కాలు చూసుకుంటూ. "ఏం, ఎవరైనా కట్టేశారా?"

చెప్పకుండా వచ్చేస్తే సరిపోయేది. కాళ్ళు గుమ్మం వైపే తిరిగాయి కూడా. "మా పక్కింట్లో" అంది.

ఇన్‌స్పెక్టరు ఎలాగూ అనుమతి కోసం చూడటానికి రావలసిందే. ఆ మధ్యాహ్నమే వచ్చాడు. లావుపాటి మనిషి, చేతిలో మడత స్కేలు. ముందు తోడికోడలి పెరడంతా తిరిగి, గేటు గడియ లాగి చూసి, మేకుల మొనలు బయటికి వచ్చాయేమో వేలితో తడిమి, బాగుందన్నాడు. తర్వాత చుట్టూ తిరిగి ఇటు వచ్చాడు. అతని వెనక మేస్త్రి, మేస్త్రి వెనక తోడికోడలు. ఆమె వంటింటి గుమ్మంలో నిలబడింది.

స్కేలు తెరిచి, నేల మీద ఆనించి, కళ్ళజోడు పైకి నెట్టుకుని చూశాడు. "ఎక్కువుందే" అన్నాడు.

తోడికోడలి ముఖంలో నెత్తురు చుక్క లేదు. "ఎంతండీ?"

"జానెడు. ఇటు పల్లం కదమ్మా." మేస్త్రి వైపు తిరిగాడు. "మీ చేతి పని నేను చాలా చోట్ల చూశాను. మీరు పల్లం కొలవడం మరిచిపోయారంటే నమ్మలేకపోతున్నాను."

మేస్త్రి చెవి మీది పెన్సిలు తీసి దాని మొన చూసుకుంటున్నాడు.

"నేనే తొందరపెట్టానండీ" అంది తోడికోడలు. "సోమవారం నుంచి పిల్లల్ని పంపుతామన్నారు. తల్లులు వేరే ఏర్పాట్లన్నీ మానుకున్నారు. ఇప్పుడు లేదంటే వాళ్ళు ఇంకో చోటు చూసుకుంటారు."

"కంగారుపడకండి. పొరుగువాళ్ళకి అభ్యంతరం లేకపోతే జానెడు ఉంచుకోవచ్చు, ఆ వెసులుబాటు ఉంది." ఇన్‌స్పెక్టరు గుమ్మం వైపు తిరిగాడు. "ఏమ్మా, మీరు ఒక్క మాట అంటే చాలు. మీకేమైనా ఇబ్బందా?"

తోడికోడలు ఆమె వైపు చూసి అప్పుడే ఊపిరి పీల్చుకుంది, అక్క ఉందిగా అన్నట్టు. మేస్త్రి మాత్రం చూడలేదు. ఆయన చూసి ఉంటే, ఒక్కసారి కళ్ళతో అడిగి ఉంటే ఆమె సరేననేదేమో. తన దగ్గర అడగడానికి కూడా నోరు రాని మనిషి కోసం తనెందుకు సరేనాలి?

"రూలంటూ ఒకటి పెట్టుకున్నాక అందరికీ ఒకటే కదండీ" అంది.

ఇన్‌స్పెక్టరు స్కేలు మడిచాడు. "అదీ నిజమే. కోసేయండి మేస్త్రీ. రేపొచ్చి చూసి సంతకం పెట్టేస్తాను."

"కోస్తాను" అన్నాడు మేస్త్రి.

ఆ పూటంతా కోశాడు. దారం పట్టి గీటు గీసి, ఒక్కో చెక్కకీ రంపం పెట్టాడు. అటునుంచి తోడికోడలు చెక్క కదలకుండా పట్టుకుంది. అన్ని రోజులు రుద్ది రుద్ది గుండ్రంగా చేసిన కొసలు ఒకటొకటే తెగి ఆమె పెరట్లో పడుతున్నాయి. ఆమె చూస్తూ నిలబడింది. సంతోషంగా ఉంటుందనుకుంది. మొదటి నాలుగైదు చెక్కల దాకా ఉంది కూడా. తర్వాత రంపం చప్పుడు వింటుంటే పళ్ళు పులిసినట్టు అయింది. మేస్త్రి ముఖంలో కోపం వెతికింది. కోపం ఉంటే తనూ నాలుగు మాటలు అనొచ్చు. ఏమీ లేదు. పని చేస్తున్నప్పుడు ఎలా ఉంటాడో అలాగే ఉన్నాడు.

కోత అయిపోయి ఆయన రంపం తుడుచుకుంటుండగా అటునుంచి పిలుపు వచ్చింది.

"అక్కా, సన్న సూది ఒకటి తెస్తావా? చేతిలో చెక్క పేడు గుచ్చుకుంది."

ఇంత జరిగాక కూడా అక్కా అంటోంది. ఆమె సూది తీసుకుని చుట్టూ తిరిగి వెళ్ళింది. కంచె కట్టాక అటువైపు రావడం అదే మొదలు. తోడికోడలు మెట్టు మీద కూర్చుని అరచెయ్యి చాపింది. బొటనవేలి కింద నల్లగా పేడు. ఆమె ఆ చేతిని తన మోకాలి మీద పెట్టుకుని, చర్మం పైపైన చీల్చుతూ మెల్లిగా పేడు కొస పైకి లేపింది. తోడికోడలు పెదవి కొరుక్కుంది గాని చెయ్యి లాక్కోలేదు.

"ఎక్కడ గుచ్చుకుంది ఇంత పెద్దది?"

"ఇదంతా గరుకే కదక్కా ఇటువైపు."

ఆమె తలెత్తి చూసింది. అప్పుడే చూసింది. అటు నుంచి అద్దంలా ఉన్న కంచె ఇటు నుంచి చూడబుద్ధి కాకుండా ఉంది. బొడిపెల గుంజలు, అడ్డకర్రలు, మడిచి కొట్టిన మేకులు, చిత్రిక తగలని చెక్కలు.

"నునుపంతా నీకే పెట్టారు బావగారు" అని నవ్వింది తోడికోడలు. "ఇటు నేను రంగేసుకుంటాలే. నువ్వు రోజంతా ఆ కిటికీ దగ్గరే కూర్చుంటావు, నీ కళ్ళకి బాగుండాలి కదా. ఎత్తు సంగతి కూడా నేనేమీ అనుకోలేదక్కా. నీకు గాలి ఆడదనే అలా అన్నావు, అంతేగా?"

ఆమె పేడు తీసి పారేసి, ఆ చేతిని ఒకసారి నిమిరి వచ్చేసింది. వస్తూ వస్తూ కంచెని తన వైపు నుంచి తాకింది. అరచెయ్యి జారిపోతోంది, అంత నునుపు. ఇన్ని రోజులూ తను ఏడ్చి చచ్చింది దీనికా? ఆయన ఆ పెరట్లో కూర్చుని రుద్దిందంతా తన కళ్ళ కోసమా? సిగ్గూ సంతోషమూ కలిసి ముఖం వేడెక్కింది. ఆ సాయంత్రం వంట చేస్తుంటే తెలియకుండానే కూనిరాగం వచ్చింది.

ఆయన స్నానం చేసి వచ్చి కూర్చున్నాక వడ్డించింది. ఎదురుగా కూర్చుంది.

"మంచి వైపు నాకు పెట్టారట" అంది.

"అది రూలు" అన్నాడు ఆయన. "నున్నటి వైపు పొరుగువాళ్ళకి, మేకుల వైపు సొంతవాళ్ళకి. బోర్డు మీద కింద ఉంటుంది."

ఆమె చేతిలో గరిటె అలాగే ఉండిపోయింది. చిన్నదానికి అంత ఆశపడ్డందుకు తన మీద తనకే చిరాకు పుట్టింది, ఆ చిరాకు నోటికి వచ్చింది.

"అడుగున ఉన్న రూలు కూడా తెలిసినవాళ్ళు పల్లం సంగతి ఎలా మరిచిపోయారు మరి? ఏ లోకంలో ఉండి కొలిచారు?"

"మరిచిపోలేదు."

"అంటే?"

ఆయన కంచంలో వేలితో గీత గీశాడు. "ఇటునుంచే కొలిచాను. నువ్వు బజారుకెళ్ళినప్పుడు. ఈ కిటికీ ఎంత ఎత్తుందో, నువ్వు మునివేళ్ళ మీద నిలబడితే ఎంత వస్తావో లెక్కగట్టి, దాని మీద వేలెడు కలిపాను. స్టూలు సంగతి తోచలేదు."

ఆమెకు ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక గరిటె గిన్నెలో పెట్టేసింది.

"నేనేం చేశానని? మిమ్మల్ని ఎప్పుడైనా ఒక్క మాట..."

"ఏమీ అనలేదు నువ్వు. అడుగుతావు. టీ ఎవరిచ్చారు, ఏ గ్లాసులో ఇచ్చారు, దేనికి నవ్వారు, ఆమె ఏమంది. దుకాణంలో ఆలస్యమైతే అక్కడెవరున్నారు. నవ్వొస్తే ముందు జవాబు వెతుక్కుంటున్నాను. వెతికేలోపు నవ్వు పోతోంది." ఆయన గొంతులో కోపం లేదు, చెక్క ఎంత పొడవో చెబుతున్నట్టు చెప్పాడు. "కాసేపు ఎవరికీ కనబడకుండా కూర్చోవాలనిపించింది. అంతే."

"ఆమె పక్కన."

"ఆమె లేనప్పుడు కూడా. నువ్వు చూశావుగా."

చూసింది. గోడకి ఆనుకుని, కాళ్ళు చాపుకుని, ఒక్కడే. ఆయన మనసు వేరే ఆడమనిషి మీద పడి ఉంటే బాగుండేదని ఆమెకు నిజంగా అనిపించింది. అలాగైతే జుట్టు పట్టుకుని పోట్లాడొచ్చు, ఏడవొచ్చు, నలుగురికీ చెప్పుకోవచ్చు. చెక్కల వెనక కాసేపు ఒంటరిగా నవ్వుకుంటానన్న మనిషితో ఏమని పోట్లాడాలి?

మర్నాడు ఇన్‌స్పెక్టరు వచ్చి సంతకం పెట్టి వెళ్ళాడు. సోమవారం పొద్దుటికి పక్కింటి పెరట్లో పిల్లల గోల మొదలైంది. కోసిన కంచె మీదుగా ఇప్పుడు స్టూలు అక్కర్లేకుండానే అంతా కనిపిస్తోంది. పిల్లలు, బొమ్మలు, వాళ్ళ వెనక పరుగెత్తే తోడికోడలు, గేటు గడియ సరిచేస్తూ మోకాళ్ళ మీద కూర్చున్న మేస్త్రి. ఏ కుర్రదో ఆయన టేపు లాక్కుని పారిపోతుంటే ఆయన వెంటపడుతున్నాడు. చూడొద్దనుకుంటే కళ్ళు వినడం లేదు. తోడికోడలు ఆయన చెవి దగ్గరికి వంగి ఏదో అంది. ఏమని ఉంటుంది? ఆ ప్రశ్న నాలుక చివర దాకా వచ్చి కూర్చుంది. మధ్యాహ్నం ఆయన అన్నానికి రాగానే అది బయటికి ఊడిపడుతుందని ఆమెకు తెలుసు.

బీరువాలోంచి దళసరి గుడ్డ తీసింది. కిటికీకి టేపు పెట్టి కొలిచి, పైన గొట్టంలా మడత వచ్చేట్టు కుట్టింది. రెండు మేకులు కొట్టి తాడు కట్టి ఆ తెర వేలాడదీసింది. తాడు సాగి మధ్యలో జారింది. జారిన చోటునుంచి పెరడు కనిపించింది. దాన్ని పైకి లాగి పట్టుకుని నిలబడి ఉండగానే ఆయన వచ్చాడు.

తెర వంక చూశాడు. ఆమె వంక చూశాడు. ఏదైనా అంటాడేమో, అక్కర్లేదులే తీసెయ్ అంటాడేమో అని ఆమె ఎదురుచూసింది. ఆ ఒక్క మాట కోసం ఆమె ఏదైనా ఇచ్చేసేది.

"తాడు నిలవదు" అన్నాడు ఆయన. "కడ్డీ ఉండాలి."

అన్నానికి కూర్చోలేదు. నడుము టేపు తీసి కిటికీ ఈ చివర నుంచి ఆ చివరకి కొలిచాడు. మళ్ళీ కొలిచాడు. దుకాణానికి వెళ్ళి చేవగల కర్ర ఒకటి తెచ్చి, గుమ్మంలో కూర్చుని చిత్రిక పట్టాడు, గరుకు కాగితంతో రుద్దాడు, అరచేత్తో తడిమి చూసి మళ్ళీ రుద్దాడు. తెరని దానికి ఎక్కించి గోడకి బిగించాడు. వెంట్రుకవాసి తేడా లేకుండా కూర్చుంది. ఆయన ఎక్కిన స్టూలు కదలకుండా ఆమె రెండు చేతులా పట్టుకుంది.

ఆయన దిగి, రెండడుగులు వెనక్కి వేసి చూసుకున్నాడు.

"బాగుందా?" అని అడిగాడు.

ఆ ఇంట్లో తను అడగకుండా ఆయన చేసిన పని అదొక్కటే. ఆమె బాగుందని చెప్పి, తెరతో చీకటైన వంటింట్లో లైటు వేయడానికి వెళ్ళింది.